బడ్జెట్ దాటిన నగ కొనాలా, వద్దా? ఇంట్లో కూర్చుని తేల్చుకోవడానికి ఒక సమగ్ర మార్గదర్శి

పోయిన ఏడాది మా అమ్మాయి పెళ్లికి హారం కొనడానికి వెళ్లాం. ఇంట్లో అనుకున్న లెక్క మూడున్నర లక్షలు. షోరూంలో పదకొండో హారం చూసేసరికి అమ్మాయి మెడలో నిలిచింది దాదాపు నాలుగు లక్షల డెబ్బై వేలది. కెంపులు, పచ్చలు పొదిగిన నక్షీ హారం, అంటే బంగారం మీద బొమ్మలు చెక్కిన పని. అద్దంలో దాని ముఖం చూశాక వద్దు అనడానికి నాకు నోరు రాలేదు. పక్కనుంచి మా వదిన "పెళ్లి ఒక్కసారే కదమ్మా, లక్ష ఎక్కడో అక్కడ సర్దుకోవచ్చులే" అంది. మా ఆయన మాత్రం ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తూ మౌనంగా కూర్చున్నారు. ఆ మౌనం నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు. "రేపు వస్తామండీ" అని చెప్పి బయటికి వచ్చేశాం.

ఆ రాత్రి భోజనాలయ్యాక అంచనా కాగితం ముందు పెట్టుకుని లెక్కలు వేశాం. ఈ వ్యాసం ఆ లెక్కల నుంచే పుట్టింది. అందులో తేలింది ఒక్క మాటలో చెబుతాను. బడ్జెట్ దాటిన లక్ష మొత్తం బంగారంగా మారి బీరువాలో ఉంటే అది ఒక సంగతి. తరుగుగా (నగ చేయడంలో పోయే బంగారం పేరుతో షాపు వేసే సొమ్ము), రాళ్లుగా, పన్నుగా, వడ్డీగా మారి చేయి దాటిపోతే అది పూర్తిగా వేరే సంగతి. కొనాలా వద్దా అన్నది ఈ తేడా మీదే తేల్చుకోవాలి. ఎలా తేల్చుకోవాలో మెట్టు మెట్టుగా చెబుతాను.

మొదటి మెట్టు: షాపుకి వెళ్లకముందే రెండు అంకెలు రాసుకోండి

మనలో చాలామంది బడ్జెట్ అంటే ఒకే అంకె చెప్పుకుంటాం. "నాలుగు లక్షల్లో చూద్దాం" అని. రెండు అంకెలు కావాలి. ఒకటి రూపాయల్లో, రెండోది గ్రాముల్లో. మూడున్నర లక్షలకు ఆ రోజు ధర ప్రకారం ఎన్ని గ్రాములు వస్తాయో రాసుకుంటే షాపులో చూపించే ప్రతి నగనూ దాంతో పోల్చవచ్చు. కాసు అంటే 8 గ్రాములు. తులం అంటే పాత కొలతలో 11.66 గ్రాములు, ఇప్పుడు వాడుకలో 10 గ్రాములు. ఇంట్లో పెద్దవాళ్లు కాసుల్లో, తెలంగాణ చుట్టాలు తులాల్లో, బిల్లు గ్రాముల్లో మాట్లాడితే అంతా గందరగోళమే. ముందే గ్రాముల్లోకి మార్చుకోండి.

రూపాయల అంకె వేసేటప్పుడు పెళ్లి ఆఖరి వారాన్ని మరిచిపోవద్దు. హాలు బాకీ, వంటవాళ్లు, పెట్టుబడి చీరలు, పురోహితుడి సంభావన, వచ్చిన చుట్టాల వసతి అన్నీ అప్పుడే వచ్చి పడతాయి, ఎక్కువ భాగం నగదుగానే. ఆ డబ్బును, ఆరు నెలల ఇంటి ఖర్చును, పిల్లల ఫీజులను పక్కన పెట్టాక మిగిలిందే నగల బడ్జెట్. పెళ్లి కాకుండా మామూలుగా కొనుక్కునేవాళ్లకు కూడా ఇదే వరస.

రెండో మెట్టు: బిల్లును విడగొట్టండి

దీనికి సమయం తీసుకోండి. మిగతా మెట్లన్నీ దీని మీదే నిలబడతాయి.

షాపువాళ్లను అంచనా కాగితం అడగండి. ఇవ్వడానికి ఇష్టపడని చోట కొనాల్సిన అవసరం లేదు. కాగితంలో ఇవి విడివిడిగా ఉండాలి: మొత్తం బరువు, రాళ్ల బరువు, నికర బంగారం బరువు, ఎన్ని క్యారెట్లు, ఆ రోజు గ్రాము ధర, తరుగు, మజూరీ (పని కూలీ), రాళ్ల ధర, జీఎస్టీ.

మా హారం లెక్క చూడండి. అంకెలు తేలిగ్గా ఉండటానికి 22 క్యారెట్ల గ్రాము ధరను 10,000 రూపాయలకు గుండ్రం చేశాను. మీరు మీ రోజు ధర వేసుకోండి.

మొత్తం బరువు 40 గ్రాములు, రాళ్లు 4 గ్రాములు, నికర బంగారం 36 గ్రాములు. బంగారం విలువ 3,60,000. తరుగు 18 శాతం, అంటే 64,800. రాళ్లకు 30,000. మొత్తం 4,54,800. దానిమీద 3 శాతం జీఎస్టీ 13,644. చెల్లించాల్సింది 4,68,444 రూపాయలు.

ఇప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ హారాన్ని ఎల్లుండే అమ్మాల్సి వస్తే ఎంత వస్తుంది? మహా అయితే 36 గ్రాముల బంగారం విలువ 3,60,000. అందులోనూ కొందరు కొంత కోత వేస్తారు. తరుగు తిరిగి రాదు, పన్ను తిరిగి రాదు, రంగురాళ్లకు చాలా షాపుల్లో పైసా కట్టరు. అంటే షాపు గుమ్మం దాటేసరికి 1,08,444 రూపాయలు వెనక్కి రాని సొమ్ము అయిపోయింది. మేం బడ్జెట్ దాటింది సుమారు లక్షా పద్దెనిమిది వేలు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు కడుపులో కలుక్కుమంది. దాటిన సొమ్ములో దాదాపు అంతా బంగారంగా మిగలని సొమ్మే.

అదే షాపులో రెండో కౌంటర్లో రాళ్లు లేని కాసులపేరు చూశాం. నికర బంగారం 42 గ్రాములు, తరుగు 8 శాతం. బంగారం 4,20,000, తరుగు 33,600, జీఎస్టీ 13,608. మొత్తం 4,67,208. హారానికీ దీనికీ బిల్లులో తేడా వెయ్యి పైచిలుకు మాత్రమే. కానీ ఇందులో బంగారం 6 గ్రాములు ఎక్కువ, తిరిగిరాని సొమ్ము 47,208 మాత్రమే. రెండూ బడ్జెట్ దాటినవే. అయినా రెండూ ఒకటి కావు.

తరుగు గురించి ఒక మాట. పూర్వం కంసాలి చేత్తో చేసేటప్పుడు ఆకురాయి పట్టినప్పుడు, కరిగించినప్పుడు కొంత బంగారం పొడిగా పోయేది. ఆ నష్టానికే తరుగు అన్న పేరు. ఇప్పుడు యంత్రం మీద చేసిన గొలుసుకు కూడా అదే పేరుతో వసూలు చేస్తున్నారు. పనితనం కూలీ, షాపు లాభం రెండూ అందులోనే కలిసి ఉంటాయి. కాబట్టి బేరం ఆడటానికి మొహమాటపడవద్దు. గ్రాము ధర తగ్గించమంటే తగ్గించరు, తరుగు మాత్రం తగ్గిస్తారు. మేం తిరిగిన షాపుల్లో సాదా గొలుసులకు, గాజులకు పది శాతం లోపు చెప్పారు. నక్షీ పనికి, దేవతామూర్తులు చెక్కిన నగలకు పదిహేను నుంచి పాతిక వరకు వెళ్లింది. నిజంగా చేతిపని అయితే ఆ డబ్బు ఇవ్వడంలో తప్పు లేదు. వెనక్కి రాదని తెలిసి ఇవ్వాలి.

కాగితంలో రెండుచోట్ల ప్రత్యేకంగా వేలు పెట్టి చూడండి. మొదటిది, తరుగు శాతం దేనిమీద వేశారు? నికర బంగారం మీద వేస్తే మా హారానికి 64,800. రాళ్లతో కలిపిన 40 గ్రాముల మీద వేస్తే 72,000. రెండోది, రాళ్ల బరువు తీసేశారా? తీయకపోతే 4 గ్రాముల రాళ్లకు బంగారం ధర, అంటే 40,000 కట్టినట్టు. పైగా రాళ్ల ధర విడిగా! ఇంకో సంగతి, గుల్లగా చేసిన నగల లోపల లక్క నింపుతారు. దాని బరువు కూడా నికరంలో కలవకూడదు. "లోపల లక్క ఎంత ఉందండీ?" అని నోరు తెరిచి అడగండి.

మూడో మెట్టు: ఆ అదనపు డబ్బు ఎక్కడినుంచి వస్తోంది?

బడ్జెట్ దాటడం అనే మాట వెనక చాలాసార్లు అప్పు దాక్కుని ఉంటుంది. బంగారం కొనడానికి బ్యాంకులు అప్పు ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. నగ, బిళ్ల, బిస్కెట్ ఏదైనా సరే. అందుకే ఆ అప్పు వేరే పేర్లతో వస్తుంది: పర్సనల్ లోన్, క్రెడిట్ కార్డు, పాత నగల తాకట్టు, చీటీ పాట, ఊళ్లో వడ్డీ.

లక్షా ఇరవై వేలు పర్సనల్ లోన్ తీసుకున్నామనుకోండి. ఏడాదికి 14 శాతం వడ్డీ, రెండేళ్ల గడువు అయితే నెల వాయిదా సుమారు 5,760. రెండేళ్లలో కట్టే వడ్డీ 18 వేల పైచిలుకు. దీన్ని తిరిగిరాని సొమ్ముకు కలపండి: లక్షా ఎనిమిది వేలు కాస్తా లక్షా ఇరవై ఏడు వేల దగ్గరికి వచ్చింది. అదే ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెస్తే? నూటికి నెలకు రెండు అంటే ఏడాదికి 24 శాతం. నెలకు 2,400 చొప్పున రెండేళ్లకు 57,600 వడ్డీ కట్టాక కూడా అసలు లక్షా ఇరవై వేలు అలాగే నిలబడి ఉంటుంది. మాటల్లో "రెండు రూపాయలే" అని తేలిగ్గా అనిపిస్తుంది. కాగితం మీద పెట్టి చూడండి.

"బంగారం పెరుగుతుందిగా, వడ్డీ అందులో కలిసొస్తుంది" అనే వాదన మా ఇంట్లోనూ వచ్చింది. లెక్క వేశాం. హారానికి పెట్టింది, పర్సనల్ లోన్ వడ్డీతో కలిపి 4,86,720. చేతిలో ఉన్న బంగారం 36 గ్రాములు. పెట్టిన డబ్బు మాత్రం తిరిగి రావాలంటే గ్రాము 13,520కి చేరాలి. అంటే 35 శాతం పెరగాలి. అప్పు లేకుండా కాసులపేరు కొంటే గ్రాము 11,124కి చేరితే చాలు. పెరిగే బంగారం రెండూ ఒకటే. మనం వేసుకున్న బరువులే వేరు.

పాత నగలు తాకట్టు పెట్టి కొత్త నగ కొనడం చాలా ఇళ్లలో జరుగుతుంది. వడ్డీ పర్సనల్ లోన్ కంటే తక్కువగానే దొరకవచ్చు కానీ నాకు ఇది అన్నిటికంటే భయం. గడువుకి వడ్డీ కట్టి తిరగరాయించుకుంటూ పోతాం, అసలు తీరదు. ఒక ఏడాది చేయి ఆడకపోతే నోటీసు, ఆ తర్వాత వేలం. అమ్మమ్మ చేయించిన గాజులు పోయి, షోరూం హారం మిగులుతుంది. మా దగ్గరి చుట్టాల్లో ఒకరింట్లో సరిగ్గా ఇదే జరిగింది. ఆ గాజుల గురించి ఆవిడ ఇప్పటికీ మాట్లాడలేదు.

చీటీ ముందుగా పాడుకుంటే, పాటలో వదులుకున్న సొమ్మే మీ వడ్డీ. లక్ష చీటీని 75 వేలకు పాడుకుని "అప్పు లేకుండా కొన్నాం" అనుకోవద్దు.

క్రెడిట్ కార్డు విషయంలో ఒక జాగ్రత్త. చాలా బ్యాంకులు నగల కొనుగోలును నెలవాయిదాల్లోకి మార్చనివ్వవు. గీకిన తర్వాత మార్చుకోవచ్చులే అనుకుంటే, నెల తిరిగేసరికి మొత్తం కట్టాల్సి వచ్చి వడ్డీలో కూరుకుపోతారు. షాపులోంచే బ్యాంకుకు ఫోన్ చేసి కనుక్కోండి.

నాలుగో మెట్టు: తొందర ఎవరిదో గుర్తుపట్టండి

బడ్జెట్ దాటించేది నగ ఒక్కటే కాదు, తొందర కూడా. ఆ తొందర మూడు నాలుగు వైపుల నుంచి వస్తుంది.

ధర పెరుగుతుందన్న భయం మొదటిది. నిజమే, దీర్ఘకాలంలో బంగారం పెరిగింది. కానీ ప్రతి ఏడాదీ పెరగలేదు. 2012లో 10 గ్రాముల మేలిమి బంగారం 31 వేల దగ్గర ఉంది. 2015లో 26 వేల చిల్లరకు వచ్చింది. 2018లో మళ్లీ 31 వేల దగ్గరే. ఆరేళ్లు ఎక్కడి గొంగళి అక్కడే. 2024 జూలై బడ్జెట్‌లో దిగుమతి సుంకాన్ని 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించినప్పుడు, కొన్ని రోజుల్లోనే 10 గ్రాములకు వేలల్లో పడింది. ఆ ముందు వారం అప్పు చేసి కొన్నవాళ్లను తలచుకోండి. రేపటి ధర ఎవరికీ తెలియదు కాబట్టి ధర భయంతో అప్పు చేయవద్దనే నా మాట. పెళ్లి ముహూర్తం దూరంగా ఉంటే, సొంత డబ్బుతో నెలకు కొంచెం కొనిపెట్టుకోవచ్చు. చాలా షాపుల్లో అడ్వాన్సు కడితే, కట్టిన రోజు ధర, కొనే రోజు ధర రెండిట్లో తక్కువదానికి ఇస్తారు. ఎంత అడ్వాన్సుకు ఎన్ని రోజులు ఆ హామీ ఉంటుందో రాయించుకోండి.

ఆఫర్లు రెండోది. ఆషాఢంలో, అక్షయ తృతీయకు, శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి ముందు, ధన త్రయోదశికి "తరుగు లేదు" అని బోర్డులు పెడతారు. ఆ రోజు అదే ఊళ్లో ఇంకో రెండు షాపుల్లో గ్రాము ధర, రాళ్ల ధర కనుక్కోండి. ఒక చోట తగ్గించి ఇంకో చోట కలిపారా అన్నది రెండు ఫోన్లలో తెలిసిపోతుంది. నిజంగా తగ్గించి ఉంటే అంత మంచి అవకాశం ఇంకోటి లేదు. తరుగే కదా మనకు తిరిగిరానిది.

మూడోది చుట్టాల మాట. "మీ తోడికోడలు కూతురికి ఎంత పెట్టారో చూశావుగా" అనే మాట ఎంత గుచ్చుకుంటుందో నాకు తెలుసు. దీనికి నా దగ్గర లెక్క లేదు. ఒక్క పని చేశాం. రెండోసారి షాపుకి వెళ్లినప్పుడు నేను, మా ఆయన, అమ్మాయి ముగ్గురమే వెళ్లాం.

నాలుగోది పెళ్లివారు. అబ్బాయి తరఫువాళ్లు ఇన్ని తులాలు కావాలని అడిగినందుకే బడ్జెట్ దాటుతోందంటే, అది నగ ప్రశ్న కాదు. అది కట్నం. 1961 నుంచి చట్టం ప్రకారం అడగడమూ, ఇవ్వడమూ, పుచ్చుకోవడమూ నేరాలే. అమ్మాయికి మీరు ఇష్టపడి పెట్టుకునేది వేరు. అడిగితే అప్పు చేసి పెట్టేది వేరు. మొదటిసారి అప్పు చేసి పెట్టిన ఇంటికి రెండో అడగడం కూడా వస్తుంది. ఆ సంభాషణ షోరూంలో కాదు, సంబంధం ఖాయం చేసుకునే ముందు జరగాలి.

ఐదో మెట్టు: ఇప్పుడు నిర్ణయం

బడ్జెట్ దాటకూడదనే నియమం నేను పెట్టను. మా అమ్మ జీవితాంతం రోల్డ్ గోల్డ్ గొలుసు వేసుకుని, అరవయ్యో ఏట నాన్న చేయించిన నల్లపూసలను రోజుకోసారి తడుముకునేది. అనుకున్న దానికంటే ఎక్కువ అయినా నాన్న దానికోసం ఒక సంవత్సరం ఆగి దాచి కొన్నారు. ఆ ఖర్చును ఎవరు తప్పుపడతారు?

మూడు ప్రశ్నలకూ అవును అని జవాబు వస్తే దాటండి. దాటిన సొమ్మును ఆరు నెలల్లో, వడ్డీ లేకుండా, మీ ఆదాయంలోంచే పూడ్చుకోగలరా? దాటిన సొమ్ములో సగానికి పైగా నికర బంగారంగా మిగులుతోందా? ఆ నగను ఏడాదికి కనీసం నాలుగైదు సార్లయినా వేసుకుంటారా? ఆరు నెలలు, సగం అన్నవి మా ఇంట్లో మేం పెట్టుకున్న గీతలు. మీ గీత ఇంకాస్త అటూఇటూ గీసుకోవచ్చు. కానీ షాపుకి వెళ్లే ముందే గీయండి.

వడ్డాణం, వంకీ, జడబిల్లలు, పెద్ద నక్షీ హారాలు మూడో ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. పెళ్లిరోజు వేసుకుని లాకర్లో పెట్టేస్తాం, దానికి మళ్లీ లాకర్ అద్దె. గొలుసు, గాజులు, బుట్టకమ్మలు, నల్లపూసలు రోజూ ఒంటిమీద ఉండేవి. బడ్జెట్ కొంచెం సాగదీయాలనిపిస్తే వీటి మీద సాగదీయండి.

అప్పు చేస్తేనే వచ్చేదైతే, ఆ అప్పు తరుగుకూ రాళ్లకూ పోతుంటే, వద్దు. దీంట్లో నాకు సందేహం లేదు.

ఆరో మెట్టు: బడ్జెట్లోనే ఆ నగ దక్కే దారులు

వద్దనుకున్న తర్వాత కూడా అమ్మాయి కళ్లలో ఆ హారం ఉంటుంది. దానికి దారులు ఉన్నాయి.

ఫోటో తీసుకుని, తెలిసిన కంసాలి దగ్గరికో చిన్న షాపుకో వెళ్లి అదే తీరులో తక్కువ బరువుతో చేయించవచ్చు. పతకం మాత్రం నక్షీ పనితో చేయించి, దాన్ని సాదా గొలుసుకి వేసుకునేలా కొక్కెం పెట్టిస్తే ఒక నగ రెండుగా పనికొస్తుంది, ఖరీదైన పని చిన్న ముక్కకే పరిమితమవుతుంది. రాళ్లు ఎక్కువున్న నగను 18 క్యారెట్లలో చేయించుకోవడం చిన్నతనమేమీ కాదు. రాయిని గట్టిగా పట్టి ఉంచడానికి 18 క్యారెట్లే మేలు. బిల్లులో ధర కూడా 18 క్యారెట్లదే వేశారా అని చూసుకోండి.

పెళ్లిరోజు ఒక్కదానికే కావలసిన వడ్డాణం, జడ లాంటివి వెండి మీద బంగారు పూతతో చేయించుకోవచ్చు, పెద్ద పట్టణాల్లో అద్దెకూ దొరుకుతాయి. మచిలీపట్నం దగ్గర చిలకలపూడి రోల్డ్ గోల్డ్ నగలను అసలు బంగారం పక్కన పెట్టినా ఫోటోలో తేడా చెప్పడం కష్టం. మా అమ్మాయి వడ్డాణం అలాంటిదే. పెళ్లికి వచ్చినవాళ్లలో ఎవరూ ఎన్ని కాసులని అడగలేదు.

నెలనెలా కట్టే పదకొండు నెలల స్కీములు చాలామందికి తెలిసినవే. 2014 నాటి కంపెనీల డిపాజిట్ నిబంధనల ప్రకారం, సరుకు ఇస్తామని తీసుకున్న అడ్వాన్సుకు 365 రోజుల్లోగా సరుకు ఇవ్వాలి. అందుకే అవి పదకొండు నెలలే. క్రమశిక్షణకు ఇవి మంచివి. అయితే ఇది బ్యాంకు డిపాజిట్ కాదు, షాపు మూతపడితే బ్యాంకు డిపాజిట్లకు ఉండే బీమా దీనికి లేదు. కట్టిన డబ్బు రూపాయలుగా జమ అవుతుందా, ఏ నెల ధరకు ఆ నెల గ్రాములుగా జమ అవుతుందా కనుక్కోండి. తరుగు మినహాయింపు ఎంత శాతం వరకు, ఏ నగలకు వర్తిస్తుందో కూడా. నక్షీకి వర్తించని మినహాయింపు కోసం నక్షీ హారం అనుకుని కట్టకండి.

ఏడో మెట్టు: పాత బంగారం మార్చేటప్పుడు

బడ్జెట్ చాలనప్పుడు ఇంట్లో వాడని నగలు తీయడం అప్పు కంటే ఎంతో నయం. తెగిన గొలుసులు, ఒంటి కమ్మలు, ఎవరూ వేసుకోని ఉంగరాలు ముందు తీయండి. అమ్మమ్మ నాటి నాను, పలకసర్లు లాంటివి ఆఖరున. ఆ పనితనం మళ్లీ రాదు.

కరిగించే ముందు యంత్రం మీద స్వచ్ఛత చూపించమనండి. రాళ్లు తీసిన తర్వాత బరువు, కరిగించిన తర్వాత బరువు మీ కళ్లముందే రాయించుకోండి. పాత నగల్లో టంకం ఎక్కువగా ఉంటుంది కాబట్టి 22 క్యారెట్లు అనుకున్నది కరిగిస్తే 20కి తేలడం మామూలే, దానికి గాభరా పడవద్దు. ఒక షాపులో చెప్పిన స్వచ్ఛత మీద అనుమానం ఉంటే నగ వెనక్కి తీసుకుని ఇంకో చోట చూపించండి. ఒకసారి కరిగాక బేరానికి బలం పోతుంది. కొత్త నగ మీద తరుగు మళ్లీ కట్టాలి, జీఎస్టీ కూడా మళ్లీ పడుతుంది. తరచూ మార్చే అలవాటు వల్ల పోయేది ఇదే.

వజ్రాల మాట క్లుప్తంగా. వజ్రానికి క్యారెట్ అంటే బంగారంలోలా స్వచ్ఛత కాదు, బరువు: ఒక క్యారెట్ 0.2 గ్రాములు. బంగారానికి ఉన్నట్టు పత్రికలో రోజూ వచ్చే ధర వజ్రానికి లేదు, కాబట్టి తిరిగి అమ్మేటప్పుడు కొనేవాడు చెప్పిందే ధర. ల్యాబ్‌లో తయారైన వజ్రాల ధరలు కొన్నేళ్లలోనే బాగా పడిపోయాయి. బడ్జెట్ దాటి వజ్రం కొనవద్దు. బడ్జెట్లోనే కొంటే వజ్రాలను పరీక్షించే జీఐఏ లేదా ఐజీఐ సంస్థ సర్టిఫికెట్, వెనక్కి తీసుకుంటే ఎంత శాతం ఇస్తారన్న రాతపూర్వక హామీ, రెండూ ఉండాలి.

ఎనిమిదో మెట్టు: కొనే రోజు

నగ మీద మూడు గుర్తులు చూడండి. బీఐఎస్ (ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) ముద్ర, స్వచ్ఛత, అక్షరాలు, అంకెలు కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ (ప్రతి నగకూ వేరుగా ఉండే గుర్తింపు సంఖ్య). స్వచ్ఛత 22 క్యారెట్లకు 916 అని, 18కి 750 అని ఉంటుంది. 2021 జూన్‌లో హాల్‌మార్క్ దశలవారీగా తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి, హాల్‌మార్క్ తప్పనిసరైన చోట్ల హెచ్‌యూఐడీ లేని బంగారు నగ అమ్మకూడదు. ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్ పెట్టుకుని ఆ ఆరు అక్షరాలు కొడితే నగ రకం, స్వచ్ఛత, పరీక్షించిన కేంద్రం వివరాలు వస్తాయి. హారం కొంటుంటే అక్కడ ఉంగరం అని వచ్చిందంటే లేచి వచ్చేయండి. కుందన్, పోల్కీ, జడావు నగలకు ఈ నియమం నుంచి మినహాయింపు ఉంది. రెండు గ్రాముల లోపు వస్తువులకూ అంతే. అంటే ఎక్కువ డబ్బు పెట్టించే బరువైన రాళ్ల నగల్లోనే హాల్‌మార్క్ లేకపోవడానికి అవకాశం ఎక్కువ. అలాంటిది బడ్జెట్ దాటి కొనేటప్పుడు నికర బంగారం, క్యారెట్లు బిల్లులో రాయించుకోకుండా కదలవద్దు.

అనుమానం వస్తే హాల్‌మార్కింగ్ కేంద్రానికి మనమే తీసుకెళ్లి, రుసుము కట్టి పరీక్ష చేయించుకోవచ్చు. ముద్రలో ఉన్నదానికంటే స్వచ్ఛత తక్కువని తేలితే, తగ్గిన విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చు కలిపి పరిహారం పొందే హక్కు 2018 నాటి బీఐఎస్ నిబంధనల్లో ఉంది.

రెండు లక్షలు దాటిన కొనుగోలుకు పాన్ కార్డు ఇవ్వాలి. షాపు రెండు లక్షలు, ఆ పైన నగదుగా తీసుకోకూడదు. "బిల్లు లేకుండా తీసుకుంటే జీఎస్టీ తగ్గుతుంది మేడమ్" అని మాకు ఒక చోట చెప్పారు. తగ్గే 13 వేల కోసం హాల్‌మార్క్ ఫిర్యాదు హక్కు, వెనక్కి ఇచ్చేటప్పుడు ఆధారం, ఇన్సూరెన్స్ క్లెయిమ్ అన్నీ వదులుకోవాలి. ఒప్పుకోవద్దు.

మేం చివరికి కాసులపేరే తీసుకున్నాం, కానీ 42 గ్రాములది కాదు, 32 గ్రాములది. తరుగు బేరమాడితే ఏడు శాతానికి వచ్చింది. గుండ్రం చేసిన ధరలో చెప్పాలంటే మూడు లక్షల 52 వేల చిల్లర. అనుకున్నదానికి రెండు వేలు పైన. నక్షీ పతకం విడిగా, వచ్చే ఏడాది వాళ్ల పెళ్లిరోజుకి చేయిద్దామని అమ్మాయే అంది. బిల్లు దాని పేరు మీదే రాయించాం. ఇంకులు చెరిగిపోయే కాగితం కదా, ఇంటికి రాగానే ఫోటో తీసి, హెచ్‌యూఐడీ కనిపించేలా నగను కూడా దగ్గరగా ఫోటో తీసి, రెండూ దాని ఫోన్‌కి పంపాను.